ఉల్లిగడ్డ, ఉల్లిపాయ

"జర ఆ ఉల్లిగడ్డలు తే బిడ్డా" అంది మా అమ్మ. పదకొండేళ్ల మావాడు లేచి వంటింటి గడప దాకా వెళ్లి ఆగాడు. నావైపు తిరిగి అడిగాడు: "డాడీ, నానమ్మ మాట్లాడేది తెలుగు కాదా?"

అమ్మ విన్నది. ఏమీ అనకుండా చాటలో బియ్యం ఏరుతూనే ఉంది.

వాడి తప్పేం లేదు. ఉల్లిపాయ, బంగాళాదుంప, ఆసుపత్రి అని నేర్పింది నేనే. ఉల్లిగడ్డ, ఆలుగడ్డ, దవాఖాన నా నోట పుట్టిన మాటలు. ఆదివారం తెలుగు క్లాసులో ఎవరైనా నవ్వుతారేమోనని వాటిని వాడి దాకా రానివ్వలేదు. నల్లగొండ నుంచి హైదరాబాదు హాస్టలుకు పోయినప్పుడు నన్ను చూసి నవ్వారు. ఆ భయం వాడికెందుకు అంటించాలి?

ఆ సెలవుల్లోనే వాడు రాబ్లాక్స్ స్టూడియోలో, అంటే పిల్లలు సొంతంగా ఆటలు తయారుచేసుకునే సాఫ్ట్‌వేర్‌లో, నానమ్మ వాకిలిని ఆటగా కడుతున్నాడు. పుంజు పొడిస్తే ఆటగాడి ప్రాణం 100లోంచి 10 తగ్గాలి. తగ్గడం లేదు. చూస్తే, ఆటగాడి బొమ్మను నడిపే హ్యూమనాయిడ్‌లోని హెల్త్‌ను, అంటే ప్రాణం అంకెను, ఒక వేరియబుల్‌లోకి (విలువకు పెట్టుకునే పేరు) తీసుకుని, ఆ వేరియబుల్‌లోంచి 10 తీసేశాడు. వేరియబుల్ 90 అయింది, ప్రాణం 100 దగ్గరే ఉంది. అంకెను వేరియబుల్‌లో పెడితే నకలే వస్తుంది. అమ్మ బ్యాంకు పాసుబుక్కు తెచ్చి, అందులోని మొత్తాన్ని ఒక కాగితం మీద రాసి, కాగితం మీది అంకెను కొట్టేశాను. "బ్యాంకులో డబ్బు తగ్గిందా?" లేదన్నాడు. హ్యూమనాయిడ్‌నే వేరియబుల్‌లో పెట్టుకొని, మార్చాల్సినప్పుడు నేరుగా దాని హెల్త్‌నే మార్చాలి. "ఆ నకలు పొద్దున గుడిలో చూసిన నీడలాగా" అన్నాడు. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో, బయట ఎండ ఎటు తిరిగినా గర్భగుడిలో నీడ కదలదు. వాడు ప్రతి స్తంభం దగ్గరా నిలబడి అది దేని నీడో వెతికాడు.

రెండో చిక్కు అసలైంది. మొదటి లెవెల్ కోళ్ల టేబుల్‌నే, అంటే కోళ్లన్నిటినీ పెట్టిన గంప లాంటిదాన్నే, రెండో లెవెల్‌కు ఇంకో పేరుతో ఇచ్చాడు. రెండో లెవెల్‌లో పిల్లి ఎత్తుకుపోయిన కోళ్లు మొదటి లెవెల్‌లోనూ మాయం. రాబ్లాక్స్ కోడు భాషకు మూలమైన లువాలో, అది బ్రెజిల్‌లో 1993లో పుట్టినప్పటి నుంచీ, అంకె అయితే నకలు, టేబుల్ అయితే రెండు పేర్లకూ వస్తువు ఒక్కటే. టేబుల్‌కు నకలు తీసే టేబుల్ డాట్ క్లోన్ వాడమన్నాను. అయినా కోడి రంగు మారిస్తే రెండు చోట్లా మారింది. ఒక్కో కోడి కూడా ఒక టేబులే కదా. క్లోన్ పైనున్న గంపను మాత్రమే కొత్తది చేస్తుంది, లోపలి కోళ్లు పాతవే. ఇవి పిల్లలకు చెప్పేటప్పుడు నిర్వచనంతో మొదలుపెట్టకండి. ఒకదాన్ని మార్చి రెండూ ప్రింట్ చేయించండి, కళ్లతో చూస్తారు.

ఇంత చక్కగా చెప్పిన నేను ఆ రాత్రి నిద్రపోలేదు. వాడికి నేనిచ్చిన తెలుగు కాగితం మీది అంకె. వాడు దాన్ని ఎంత దిద్దుకున్నా అమ్మ దగ్గరున్నదాన్ని తాకదు. ఆమె ఒక మాట అంటే వాడి వైపు ఏదీ కదలదు. అసలుదాన్నే ఇచ్చి ఉండాల్సింది. కానీ అసలుదాన్ని ఇస్తే, వాడు మార్చింది నాకూ మారుతుంది. వాడి నోట్లో ఉల్లిగడ్డ వంకర తిరిగితే భరిస్తానా? దిద్దుతాను. దిద్దీ దిద్దీ మళ్లీ కాగితమే చేతిలో పెడతానేమో. ఈ నాలుగు ముక్కలు కూడా చూడండి, అమ్మ భాషలో రాయలేకపోతున్నాను.

తెల్లారి లేచేసరికి ఇద్దరూ వాకిట్లో ల్యాప్‌టాప్ ముందున్నారు. పిల్లి కోడిని పట్టింది. తెరమీద తెలుగులో అక్షరాలు వచ్చాయి: "కోడి పాయె!"

"పోయింది" అని దిద్దుదామని కర్సర్ అక్కడికి తెచ్చాను. వాడు నా చెయ్యి పట్టుకున్నాడు.

"నానమ్మ చెప్పినట్టే రాసిన, డాడీ."