చెత్త షెడ్డుకి మా వీధి ఎలా ఒప్పుకుంది

విజయనగరంలో మా కాలనీ పార్కు వెనక ఖాళీ స్థలంలో తడి చెత్తతో ఎరువు తయారుచేసే షెడ్డు కడతారని తెలిసిన దగ్గర్నుంచి వీధి వీధంతా ఒకటే టెన్షన్. వాసన, ఈగలు, కుక్కలు, ఇళ్ల రేట్లు. కూతురికి సంబంధాలు చూస్తున్న ఒకాయన "చెత్త షెడ్డు ఎదురిల్లు అంటే గుమ్మం ఎవరు తొక్కుతారండీ?" అన్నారు. ఆ భయాల్లో ఒక్కటీ ఉత్తది కాదు. వానాకాలంలో ఊరి చివర కుప్పల పక్కనుంచి ముక్కు మూసుకుని బండి నడిపిన వాళ్లమే అందరం.

జనం వద్దంటున్నా వినకపోతే ఏమవుతుందో ఉత్తరాంధ్రకి ఒకరు చెప్పక్కర్లేదు. 2010లో సోంపేటలో, 2011లో కాకరాపల్లిలో థర్మల్ ప్లాంట్ల గొడవల్లో పోలీసు కాల్పులకి మనుషులు చనిపోయారు. మా షెడ్డుకీ వాటికీ పోలిక లేదు. అయినా ముందు కూర్చోబెట్టి మాట్లాడండి అని నేను పట్టుబట్టింది అందుకే.

మీటింగులో మా వాళ్లంతా ఒకటే మాట: ఇంకెక్కడైనా కట్టుకోండి. అప్పుడు పక్క పేట నుంచి వచ్చిన పారిశుధ్య కార్మికురాలు లేచింది. "మీరొద్దంటే ఇదాగిపోద్దా బాబూ? మా పేటకొచ్చేస్తాది. అక్కడైతే ఇలా మీటింగు కూడా ఎట్టరు." ఆవిడన్నది అక్షరాలా నిజం. రెండో స్థలంగా అనుకున్నది వాళ్ల పేట చివరే. ఊరి చెత్తంతా ఎత్తేవాళ్ల ఇళ్ల పక్కనే ఆ చెత్తని మళ్లీ పోయడం అన్యాయం. ఈ మాట మా వీధిలో కొందరికి నచ్చలేదు, అయినా ఇప్పటికీ అదే అంటాను.

తర్వాత కొంతమందిమి జిల్లాలోనే ఇంకో ఊళ్లో నడుస్తున్న షెడ్డు చూసొచ్చాం. అక్కడి మేస్త్రి ఒక కుప్పని పారతో తిరగేస్తే లోపల్నుంచి ఆవిరి లేచింది. చెయ్యి పెట్టి చూడమన్నాడు. పెట్టి వెంటనే లాగేసుకున్నాను, అంత వేడి. గాలి ఆడుతున్న కుప్ప లోపల 55, 60 డిగ్రీలు దాకా వస్తుందట. గాలి ఆడకపోతేనే కుళ్లి కంపు కొడుతుంది. అందుకే ఎండుటాకులు, కొబ్బరి పీచు కలిపి, తరచూ తిరగేస్తారు. ప్లాస్టిక్ కవర్లో మూటగట్టి పడేసిన అన్నం, కూరలే అసలు శత్రువులు. 2021లో క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమం కింద ఇంటింటికీ ఆకుపచ్చ, నీలం, ఎరుపు డబ్బాలు ఇచ్చారు గానీ, మా వీధిలో వాటిని బియ్యానికి, బట్టలకి వాడుకునే ఇళ్లే ఎక్కువ. తడి చెత్త విడిగా ఇవ్వకుండా వాసన రాకూడదంటే ఎలా కుదురుతుంది?

చివరికి షరతులు కాగితం మీద రాయించుకున్నాం. నోటిమాట అయితే ఆఫీసరు బదిలీతోనే పోతుంది. రోజుకి 5 టన్నులు దాటే ప్లాంటు చుట్టూ బఫర్ జోన్, అంటే ఇళ్లు కట్టకుండా వదిలే జాగా, ఉండాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు చెప్పాయి. మాది అంతకి చాలా చిన్నది. రేపు పెంచేస్తారేమోనన్న భయంతో మా రెండు వార్డుల చెత్త తప్ప వేరే బండి గేటు దాటకూడదని రాయించాం. వచ్చిన చెత్త ఆ రోజే కుప్ప కట్టాలి, రాత్రి బండి నిలపకూడదు. కుప్పల నుంచి కారే నీటికి సిమెంటు తొట్టి కట్టాలి. ప్లానులో షెడ్డు ఇళ్ల వైపు నుంచి అవతలి గోడ వైపుకి జరిగింది. రిజిస్టరు ఎప్పుడైనా చూసే హక్కున్న కమిటీలో పేట ఆడవాళ్లు ఇద్దరున్నారు. వాళ్లుండాలని అడిగింది నేనే. చెత్త గురించి మాలో ఎవరికన్నా వాళ్లకే ఎక్కువ తెలుసు.

చికెన్ షాపుల వ్యర్థాల సంగతి మాత్రం ఇంకా తేలలేదు. అవి ఈ షెడ్డుకి రాకూడదని మేమంటున్నాం, వేరే దారి చూస్తామని అధికారులంటున్నారు. అదీ కాగితం మీదకి ఎక్కాకే పని మొదలుపెట్టమని చెప్పాం.