కాటాలో పెట్టిన మరచెంబు

అమ్మ సంవత్సరీకం అయిన మర్నాడు ఇంట్లో ఉన్న ఇత్తడి సామానంతా వసారాలో పెట్టి మూడు వాటాలు వేశాం. గంగాళం, బిందెలు, గుండిగలు, దీపపు కుందులు అన్నీ. తూకం ప్రకారం పంచుకుంటే రేపు మాట రాదని అన్నయ్య వీధి చివర కొట్లోంచి కాటా తెప్పించాడు. అక్క అందులోంచి మరచెంబు ఒక్కటి తీసి ఒళ్ళో పెట్టుకుంది. రైలెక్కితే అమ్మ నీళ్ళు పట్టుకునే చెంబు అది, మెడ మీద చుక్కలు చుక్కలుగా అమ్మ పేరు కొట్టించి ఉంటుంది. "ఇది నాకుంచండిరా" అంది. "అయితే అది కూడా కాటాలో పెట్టక్కా, నీ వాటాలో రాసేద్దాం" అన్నాను నేను.

అక్క మాట్లాడకుండా కాటాలో పెట్టింది. సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయింది, ఏదీ పట్టుకెళ్ళలేదు.

నిజానికి గొడవ పొద్దున్నే మొదలైంది. తాతగారి నుంచి వచ్చిన ఎకరం 80 సెంట్ల పొలం ఉంది. నీకు పెళ్ళిలో పసుపు కుంకుమ కింద ఇచ్చాం కదా, పొలం వద్దని సంతకం పెట్టెయ్ అని ఇద్దరం అడిగాం. మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచే, ఆ తేదీకి పెళ్ళికాని ఆడపిల్లలకి పిత్రార్జితంలో కొడుకులతో సమానంగా హక్కుంది, దేశమంతటికీ 2005లో వచ్చింది. అక్క పెళ్ళి 1991లో. ఈ సంగతి నాకు తెలుసు, తెలిసే అడిగాను. ఆస్తులదేముంది, రేపు పుట్టింటికి రావాలంటే మేమే కదా ఉండేది అని కూడా అన్నాను. ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది. ఆస్తి కన్నా మనుషులు ముఖ్యమని మనం ఎప్పుడూ ఆడపిల్లకే చెప్తాం, అదీ సంతకం కావాల్సినప్పుడు. 60 సెంట్లు ఇచ్చేసి అక్కని ఉంచుకుందాం అని మా ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.

మూడేళ్ళు మాటల్లేవు. పొలం కౌలు డబ్బులు వచ్చేవి, సంక్రాంతి వచ్చేది, అక్క మాత్రం వచ్చేది కాదు. పోయినేడు మా పాప పెద్ద క్లాసులో చేరినప్పుడు పేరు పేరునా అందరికీ ఫోన్లు చేస్తూ అక్క నంబరు దగ్గర ఆగిపోయాను, వేలు కదల్లేదు. ఆ వారమే అన్నయ్యతో కూర్చుని మాట్లాడాను, మొదట ఒప్పుకోలేదు, రెండు రోజుల తర్వాత వాడే ఫోన్ చేసి కాగితాలు రాయించమన్నాడు. పంపకాల దస్తావేజు ముసాయిదా, మరచెంబు రెండూ సంచిలో పెట్టుకుని తణుకు వెళ్ళాను. అక్క ముందు చెంబు తీసుకుంది, తర్వాత కాగితం చదివింది. తన వాటా తను తీసుకుంది. తీసుకోవడమే నాకు ఊరట, వద్దని ఉంటే జన్మంతా ఆ భారం మోయాల్సి వచ్చేది.

మొన్న భోగికి బావా అక్కా వచ్చారు. పాత అలవాటు కొద్దీ కాఫీలో రెండు చెంచాల పంచదార వేసి ఇచ్చాను. అక్క ఒక గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టి, "నాకు షుగరొచ్చి రెండేళ్ళయిందిరా" అంది.