బ్యాగులో నీళ్ళ సీసా

మా అమ్మ కొవ్వూరులో ఉంటుంది. నేను రాజమండ్రిలో. మధ్యలో గోదావరి. మేడ మీద బట్టలారేసేటప్పుడు అవతలి గట్టున చెట్లు మసగ్గా కనిపిస్తాయి. అంత దగ్గర. అయినా పదేళ్ళు పుట్టింటి గడప తొక్కలేదు. ఆస్తి తగాదాలు లేవు, మాటపట్టింపులు లేవు. బ్రిడ్జి ఎక్కలేక, అంతే.

2013 కార్తీకమాసంలో మొదలైంది. అమ్మ దగ్గర్నుంచి బస్సులో తిరిగొస్తున్నాను. మా రోడ్ కం రైలు బ్రిడ్జి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. కింద రైళ్ళు, పైన బస్సులు, 1974 నుంచీ ఇదే వరస. కింద గూడ్సు వెళ్తే పైన రోడ్డు సన్నగా వణుకుతుంది. చిన్నప్పట్నుంచీ ఎరిగిన వణుకే. ఆ రోజు ముందెక్కడో లారీ ఆగిపోయింది, మా బస్సు సరిగ్గా నడి గోదారి మీద నిలబడిపోయింది. కింద రైలొచ్చింది. సీటు వణికింది. దాంతోపాటు నా లోపలేదో తెగినట్టయింది. గుండె గొంతులోకి వచ్చేసింది, వేళ్ళు తిమ్మిరెక్కాయి, ఎంత పీల్చినా గాలి చాలడం లేదు. పక్క సీటావిడ మాటలు బావిలోంచి వినిపిస్తున్నట్టున్నాయి. చచ్చిపోతున్నానని రూఢి చేసుకుని, పిల్లాడి ఫీజు కట్టాల్సిన ఆఖరు తేదీ ఎప్పుడా అని ఆలోచించాను. చావు ముందు అలాంటివే గుర్తొస్తాయి కాబోలు.

చావలేదు. ఆస్పత్రికి తీసుకెళ్తే ఈసీజీ బాగుంది. తర్వాతి రెండేళ్ళలో ఇంకో మూడు ఈసీజీలు, ఒక 2డీ ఎకో, రెండుసార్లు థైరాయిడ్ పరీక్ష. అన్నీ నార్మల్. ఒక డాక్టరు గ్యాస్ అన్నాడు, ఆర్నెల్లు పరగడుపున బిళ్ళ మింగాను. ఇంకో డాక్టరు రిపోర్టులు నా వైపు తోసేసి, "మీకు ఏ జబ్బూ లేదమ్మా, ఊరికే ఆలోచించకండి" అన్నాడు. నిజంగా జబ్బుందని చెప్పుంటే ఆ రోజు కాస్త హాయిగా ఇంటికొచ్చేదాన్నేమో. అమ్మ ఎండుమిరపకాయలతో దిష్టి తీసింది. మా అత్తగారు తాయెత్తు కట్టించారు. వాళ్ళనేమీ అనను, వాళ్ళకి తెలిసింది వాళ్ళు చేశారు.

భయం బ్రిడ్జి దగ్గరే ఆగుంటే బాగుండేది. ముందు బస్సులు మానేశాను. తర్వాత లిఫ్టు, తర్వాత గుళ్ళో క్యూ, పెళ్ళిళ్ళలో ముందు వరస కుర్చీలు. ఎక్కడికెళ్ళినా గుమ్మానికి దగ్గరగా కూర్చునేదాన్ని. నేను లెక్కల టీచర్ని. క్లాసులో గుండెదడ మొదలైతే బల్ల పట్టుకుని నిలబడి పిల్లల చేత ఎక్కాలు చెప్పించేదాన్ని. ఆ ఏడాది మా ఆరో తరగతికి పంతొమ్మిదో ఎక్కం దాకా కంఠతా వచ్చేసింది. హెడ్‌మాస్టరుగారు మెచ్చుకున్నారు కూడా.

మా ఆయన మంచివాడు. నాకు దడ వచ్చిన ప్రతిసారీ చెయ్యి పట్టుకుని "ఏం కాదులే" అనేవాడు. రోజుకి నాలుగైదుసార్లు అడిగి మరీ అనిపించుకునేదాన్ని. "ఏం కాదు కదా?" "ఏం కాదులే." ఆ మాట పావుగంట పనిచేసేది. తర్వాత మళ్ళీ అడగాలి. పాపం, చివరికి ఆయన పేపర్లోంచి తలెత్తకుండానే అనేవాడు. నాకది గుచ్చుకునేది.

2022 డిసెంబరులో మా తోటి టీచరు పట్టుబట్టి మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళింది. మెట్లెక్కేటప్పుడు కొంగు తలమీదుగా లాక్కున్నాను, ఎవరైనా పేరెంట్ చూస్తారేమోనని. లోపల అందరిదీ అదే బాపతు. ఎవరికి వాళ్ళం గోడకేసి చూస్తూ కూర్చున్నాం. నా అలవాటు కొద్దీ మెడ మీద రెండు వేళ్ళు పెట్టి నాడి లెక్కపెట్టుకుంటున్నాను. తలెత్తి చూస్తే ఎదురు బెంచీ మీద అరవయ్యేళ్ళాయన అచ్చం అలాగే మెడ మీద వేళ్ళు పెట్టుకుని గోడగడియారం చూస్తున్నాడు. ఇద్దరం దొరికిపోయాం.

"మీకెంతండీ?" అన్నాడు.

"నూట నాలుగండి."

"నాకు నూట పది. గెలిచాను."

తొమ్మిదేళ్ళలో నా జబ్బు గురించి నేను నవ్విన మొదటి నవ్వు అది. ఆయనకి తాడితోటలో హోల్‌సేల్ బట్టల కొట్టుంది. అప్పట్నుంచీ నాకు బాబాయి.

డాక్టరుగారు నా జబ్బుకి పేరు చెప్పారు, పానిక్ డిజార్డర్ అని. మందు రాశారు. పనిచెయ్యడానికి కొన్ని వారాలు పడుతుందని, మధ్యలో సొంతంగా మానెయ్యొద్దని రెండుసార్లు చెప్పారు. మందు నాకు మేలు చేసింది, అది దాచను. కానీ దడ తగ్గినా బ్రిడ్జి మాత్రం అక్కడే ఉంది. అక్కడి కౌన్సిలర్ అమ్మాయి ఒకసారి అంది, "మీలాంటివాళ్ళే ఇంకో నలుగురున్నారు, ఆదివారాలు కలిసి కూర్చోకూడదూ?" అని. అలా 2023 ఫిబ్రవరి నుంచి గోదావరి గట్టున, సాయంత్రం అయిదింటికి.

మొదటి రోజు అయిదుగురం. నేను, బాబాయి, రిటైరైన ఒక లెక్చరరు మేష్టారు, అమలాపురం నుంచి వచ్చి ఇక్కడ నర్సింగు చదువుతున్న పిల్ల, ఒక ఆటో డ్రైవరు తమ్ముడు. అతనికి పొద్దుగూకాక ఆటో నడపాలంటే చెమటలు పట్టేవి. ఆ వేళప్పుడే కదా బేరాలు! మాటలు దొరక్క ఎవరికి వాళ్ళం నీళ్ళకేసి చూస్తున్నాం. నాకు నోరెండి బ్యాగులోంచి సీసా తీశాను. నర్సింగు పిల్ల ఫక్కున నవ్వి తన సీసా తీసింది. ఆటో తమ్ముడు సీటు కింద నుంచి రెండు లీటర్ల సీసా తెచ్చాడు. మేష్టారి సంచీలో గ్లూకోజు పొడి, నిమ్మకాయ, ఫోన్ నంబర్లు రాసిన అట్టముక్క. బాబాయి అందరికంటే ఘనుడు, ఏకంగా బీపీ మిషనే మోసుకొచ్చాడు. అన్నీ మెట్ల మీద వరసగా పెట్టాం. అటు వెళ్ళేవాళ్ళు మేమేదో అమ్ముతున్నామనుకుని ఆగారు.

ఆ సీసా సంగతి కాస్త వివరంగా చెప్పాలి. నేను సీసా లేకుండా వీధి చివరికి కూడా వెళ్ళేదాన్ని కాదు. సీసాతో వెళ్తాను, ఏమీ జరగదు, క్షేమంగా తిరిగొస్తాను. గొప్పంతా సీసా ఖాతాలో పడుతుంది. ఊరికే వెళ్ళినా ఏమీ జరగదని నా బుర్రకి తెలిసే అవకాశమే ఇవ్వలేదు నేను. "ఏం కాదులే" అన్న మాటదీ అదే పని. కౌన్సిలర్ ఈ మాట నాకు ముందే చెప్పింది, నోట్సు కూడా రాసుకున్నాను. మెట్ల మీద ఆ సామానంతా వరసగా చూస్తే గానీ బుర్రకెక్కలేదు.

దాంతో మాకో నియమం పుట్టింది. గుంపులో ఎవరూ ఎవరికీ "ఏం కాదు" అని చెప్పకూడదు. చెబితే అందరికీ ముంత మసాలా కొనిపెట్టాలి. మందుల గురించి సలహాలు నిషేధం, అది డాక్టరు పని. దడ వస్తోందని ఎవరైనా అంటే "రానీ, కూర్చుందాం" అనాలి. గబగబా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుందట, వేళ్ళ తిమ్మిరి అందుకేనట. నర్సింగు పిల్ల చెప్పింది. దడ సాధారణంగా పది నిమిషాల్లోపే పైకి ఎక్కాల్సినంత ఎక్కి తర్వాత దిగడం మొదలెడుతుంది. ఒకరోజు నాకు అక్కడే వచ్చింది. నలుగురూ పల్లీలు తింటూ కూర్చున్నారు. ఎవరూ నీళ్ళివ్వలేదు, విసరలేదు. "ఎక్కడిదాకా వచ్చిందక్కా?" అనడిగాడు ఆటో తమ్ముడు, ఏదో రైలు గురించి అడిగినట్టు. "అనపర్తి దాటింది" అన్నాను. వచ్చింది, కాసేపు ఆగింది, వెళ్ళిపోయింది. నాకూ అంతే అనేవాళ్ళ మధ్య కూర్చోవడం ఎలా ఉంటుందో అప్పటిదాకా నాకు తెలియదు.

మేష్టారు ఏది దొరికినా చదివి మాకు చెప్పేవారు. 1937లో చికాగోలో అబ్రహాం లో అనే డాక్టరు ఇలాగే తన దగ్గర వైద్యం చేయించుకున్నవాళ్ళందరినీ ఒకచోట కూర్చోబెట్టాడట, ఒకరి అనుభవం ఒకరికి చెప్పుకోమని. "మనం కొత్తగా కనిపెట్టిందేం లేదు, ఎనభై ఏళ్ళు ఆలస్యంగా వచ్చాం" అన్నారు. ఇంకోసారి నిమ్‌హాన్స్, అదే బెంగళూరు మానసిక వైద్య సంస్థ, వాళ్ళ సర్వే కాగితం తెచ్చారు. 2015-16లో 12 రాష్ట్రాల్లో చూస్తే పెద్దవాళ్ళలో నూటికి 10.6 మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందట. "అందులో మన రాష్ట్రం ఉందాండీ?" అన్నాడు ఆటో తమ్ముడు. లేదన్నారు. "ఆయ్, అందుకే అంత తక్కువొచ్చింది" అన్నాడు. నాకు మాత్రం ఆ అంకె ఇంకోలా పనికొచ్చింది. యాభైమంది ఎక్కిన బస్సులో అయిదుగురు. ఆ రోజు బ్రిడ్జి మీద బస్సులో నేనొక్కదాన్నే అనుకున్నాను కదా, ఇంకో నలుగురుండేవాళ్ళేమో.

అంతా సాఫీగా సాగలేదు. ఆటో తమ్ముడు బాగున్నానని నిద్ర బిళ్ళలు ఒక్కసారిగా మానేశాడు. మూడో రోజుకి చేతులు వణుకుతూ, నిద్ర లేక, అర్ధరాత్రి రెండింటికి నర్సింగు పిల్లకి ఫోన్ చేశాడు. ఆ పిల్ల తన ఫోన్ వెనక కాగితం మీద రాసి అంటించుకున్న నంబరు చెప్పింది, 14416. టెలి మానస్, మానసిక సమస్యలకి ఫోన్లో సాయం చేసే లైను, 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వం మొదలుపెట్టింది. డబ్బులక్కర్లేదు, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. అటునుంచి మాట్లాడినావిడ అతన్ని పొద్దున్నే డాక్టరు దగ్గరికి వెళ్ళేలా ఒప్పించింది. డాక్టరు మళ్ళీ మొదలుపెట్టి కొద్దికొద్దిగా తగ్గించారు. ఆ వారం మేమంతా భయపడ్డాం. మేం చేయగలిగిందానికి ఒక హద్దుందని అప్పుడు తెలిసింది. ఇంకొకావిడ రెండు వారాలు వచ్చి మానేసింది. మా మాటలు వింటే తనకి ఎక్కువవుతోందట. అదీ నిజమే కావచ్చు.

ఇక నా బ్రిడ్జి. కౌన్సిలర్ నాచేత మెట్ల లెక్క ఒకటి రాయించింది. మొదటి మెట్టు, బ్రిడ్జి మొదట్లో పదిహేను నిమిషాలు ఊరికే నిలబడడం. రెండోది, మొదటి కరెంటు స్తంభం దాకా నడక. తర్వాత నాలుగో స్తంభం. ఒకరోజు సీసాతో, ఇంకోరోజు సీసా లేకుండా. బాబాయి వెనక స్కూటర్ మీద వచ్చేవాడు, ముందు అయిదడుగుల దూరంలో, తర్వాత యాభై అడుగుల దూరంలో, తర్వాత మొదట్లోనే ఆగిపోయి. ఆయన స్కూటర్ చప్పుడు వినిపించని రోజున నేను ఆయన్ని మనసులో చాలా తిట్టాను. సెప్టెంబరుకల్లా బస్సులో సగం దాకా వెళ్ళగలనని ధైర్యం వచ్చింది. సరిగ్గా ఆ నెలాఖరున బ్రిడ్జికి మరమ్మతులని మూసేశారు! పదేళ్ళు నేను రాను పొమ్మన్నాను, నేనొస్తానంటే అది పొమ్మంది. ఆదివారం గట్టు మీద అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. నేను ఏడుస్తూ నవ్వాను. తెరిచాక మళ్ళీ రెండో స్తంభం నుంచి మొదలుపెట్టాల్సొచ్చింది.

2024 భోగి ముందు రోజు పొద్దున్న ఏడింటికి బస్సెక్కాను. ఒక్కదాన్నే. మా ఆయనకి చెప్పాను, అమ్మకి చెప్పలేదు, మధ్యలో దిగిపోతే ఆవిడ గుమ్మంలో ఎదురుచూస్తూ ఉండిపోతుందని. మంచు ఎంత దట్టంగా ఉందంటే గోదారి కనిపించనే లేదు. ఎంత మోసం, పదేళ్ళు భయపడింది ఆ నీళ్ళని చూసే కదా! నడి బ్రిడ్జికి వచ్చేసరికి కింద రైలొచ్చింది. సీటు వణికింది. దడ వచ్చింది. రానీ అనుకున్నాను. వేళ్ళు తిమ్మిరెక్కాయి. మెడ మీదకి పోబోయిన చేతిని ఒళ్ళో పెట్టుకున్నాను. ఎక్కం చెప్పుకోలేదు. కొవ్వూరు వచ్చాక కూడా దడ పూర్తిగా పోలేదు, నాతోపాటే బస్సు దిగింది.

అమ్మ వాకిట్లో పేడనీళ్ళు చల్లుతోంది. నన్ను చూసి చెంబు అలాగే పట్టుకుని నిలబడింది. పదేళ్ళ తర్వాత పుట్టింటికొచ్చిన కూతురితో ఆవిడ అన్న మొదటి మాట, "ఈ మంచులో తలకి గుడ్డ కట్టుకోకుండా వచ్చావేంటే?"

ఇప్పటికీ మందు వాడుతున్నాను, తక్కువ మోతాదులో. లిఫ్టు ఎక్కుతాను. గుళ్ళో క్యూ ఇంకా కష్టంగానే ఉంది. నర్సింగు పిల్లకి హైదరాబాదులో ఉద్యోగమొచ్చి వెళ్ళిపోయింది. ఇప్పుడు గట్టు మీద తొమ్మిదిమందిమి. మొన్న ఆదివారం ఒక కొత్త అమ్మాయి వచ్చింది. ఇంకా పాతికేళ్ళు నిండలేదేమో. అన్నిటికంటే పై మెట్టు మీద, పారిపోవడానికి వీలుగా కూర్చుంది. ఒళ్ళో బ్యాగు రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. ఎవరేం అడిగినా తల ఊపుతోంది తప్ప మాట్లాడదు.

బాబాయి ముంత మసాలా పొట్లం ఆ పిల్ల ముందు పెట్టి, బ్యాగుకేసి చూసి అడిగాడు.

"లీటరుదా తల్లీ, రెండు లీటర్లదా?"