నోటిమాట బోనస్‌కు కార్మిక శాఖ గడప తొక్కిన అనుభవం

జీడిమెట్ల పారిశ్రామికవాడలో నలభై మంది దాకా పనిచేసే ఒక అట్టపెట్టెల ఫ్యాక్టరీలో మూడేళ్లు స్టోర్స్ గుమస్తాగా ఉండి, 2018 మేలో మానేశాను. 2017-18 సంవత్సరానికి ఒక నెల జీతం బోనస్‌గా ఇస్తామని అంతకుముందు ఆయుధపూజ నాడు యజమాని అందరి ముందూ చెప్పారు. గడువు దాటాక ఫోన్ చేస్తే, "ఈ ఏడు నష్టాల్లో ఉన్నాం, పైగా నువ్వు మానేశావు కదా" అన్నారు.

రిజిస్టర్డ్ పోస్టులో ఒక ఉత్తరం పంపి, జవాబు రాకపోవడంతో 2019 జనవరిలో కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్లాను. అక్కడి అధికారి మొదట అడిగింది, "ఆ మాటకు కాగితం ఉందా?" అని. లేదు. అయితే నెల జీతం సంగతి వదిలేసి చట్టం ఇప్పించేది చూద్దామన్నారు. 1965 నాటి బోనస్ చెల్లింపు చట్టం ప్రకారం (దీన్ని తర్వాత 2019 వేతనాల కోడ్‌లో కలిపారు) నెలకు 21,000 రూపాయలు మించని జీతంతో ఆ ఏడాదిలో కనీసం 30 రోజులు పనిచేసిన వారికి, మాలాంటి పాత ఫ్యాక్టరీలో లాభం వచ్చినా రాకపోయినా, ఏడాది జీతంలో 8.33 శాతం ఇవ్వాల్సిందేననీ, ఖాతా సంవత్సరం ముగిసిన 8 నెలల్లో, అంటే నవంబర్ 30లోగా ఇవ్వాలనీ, మానేసినంత మాత్రాన ఆ హక్కు పోదనీ వివరించారు. లెక్క మాత్రం పూర్తి జీతం మీద కాదు. నెలకు 7,000 రూపాయలు, కనీస వేతనం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీద.

నాకు నియామక పత్రం కూడా ఇవ్వలేదు. నెలనెలా జమ చూపే పీఎఫ్ పాస్‌బుక్కు, బ్యాంకు స్టేట్‌మెంటే నన్ను ఆదుకున్నాయి. ఇంకా అక్కడే పనిచేస్తున్న వారెవరూ ఫిర్యాదు మీద నాతో సంతకం చేయలేదు. ఇల్లు గడవాల్సిన వారిని తప్పుపట్టలేను.

కార్మిక శాఖ కార్యాలయంలో విచారణకు పెట్టిన మొదటి రెండు వాయిదాలకూ ఫ్యాక్టరీ అకౌంటెంటు వచ్చి గడువు అడిగి వెళ్లారు. మూడోసారి అధికారి, బాకీని భూమి శిస్తు బకాయిలాగా వసూలు చేయమని కలెక్టరుకు రాయవలసి వస్తుందని చెప్పి, అందరి బోనస్ రిజిస్టరూ తెమ్మన్నారు. ఉగాదికి ముందు నా ఖాతాలో తొమ్మిది వేల చిల్లర పడింది. తమకూ అదే వారం వచ్చిందని పాత మిత్రుడొకరు ఫోన్ చేసి చెప్పారు. ఆయుధపూజ నాటి మాటలో మిగిలిన ఆరు వేలు మాత్రం ఎవరికీ రాలేదు.