తిరగేసిన టీ షర్టు

ఫుట్‌బాల్ ప్రపంచకప్ చూడటానికి వెళ్లి ఖతార్ రాజధాని దోహాలో ఆరు రోజులున్నాను. సముద్రం ఒడ్డున కార్నిష్‌లో నడిచినదీ, సూక్ వాకిఫ్ బజారు సందుల్లో దారి తప్పినదీ, చూసిన మిగతా మ్యాచ్‌లూ చెప్పబోవడం లేదు. అవన్నీ ఇప్పటికే చాలామంది రాశారు. నాకు మిగిలింది 2022 నవంబరు 29 రాత్రి ఒక్కటే. అందులోనూ ఆట కన్నా, ఫ్రీ జోన్ మెట్రో స్టేషన్ నుంచి అల్ థుమామా స్టేడియం దాకా ఎక్కిన షటిల్ బస్సే ఎక్కువగా గుర్తుంది.

ఏప్రిల్‌లో డ్రా తీసినప్పుడు ఇరాన్, అమెరికా ఒకే గ్రూపులో పడ్డాయని తెలియగానే ఈ మ్యాచ్ టికెట్టుకు దరఖాస్తు పెట్టాను. 1998 ప్రపంచకప్‌లో, ఫ్రాన్స్‌లోని లియోన్‌లో ఈ రెండు జట్లూ ఆడినప్పుడు నేను బడిపిల్లవాణ్ణి. ఇరాన్ ఆటగాళ్లు తెల్ల గులాబీలు తెచ్చి అమెరికా వాళ్ల చేతుల్లో పెట్టారు. రెండు జట్లూ కలిసిపోయి ఫొటో దిగాయి. ఆ తర్వాత ఇరాన్ 2-1తో గెలిచింది. నా ఫుట్‌బాల్ పిచ్చి ఆ గులాబీల దగ్గరే మొదలైంది. ఈసారి కళ్లారా చూద్దామనుకుంటే 250 రియాళ్లయింది. విదేశీయులకు అమ్మిన వాటిలో అదే అతి చవక! నేను దిగింది అక్కడ ఉద్యోగం చేస్తున్న మా బావ దగ్గర. ఖతార్ నివాసి కాబట్టి ఆయనకు ఇంకో మ్యాచ్ టికెట్టు 40 రియాళ్లకే వచ్చింది. నేను గొణుగుతుంటే, "ఇక్కడి ఎండలో పనిచేసేది మేము. ఆ మాత్రం తగ్గింపు ఉండనీ" అన్నాడు. ఇంకేం మాట్లాడతాను?

బస్సు కిక్కిరిసి ఉంది. ఏసీ చలికి పళ్లు కొట్టుకుంటున్నాయి. నా ముందు సీట్లో యాభై దాటిన ఇరానీ దంపతులు. ఆయన వేసుకున్నది 1998 నాటి జెర్సీ అట. పొట్ట దగ్గర బిగుసుకుపోయింది. ఆమె జాకెట్టు జిప్పు సగం తీసి ఉంది. లోపలి తెల్ల టీ షర్టు మీద పారసీ లిపిలో మూడు మాటలు. ఏమిటని అడిగాను. "జన్, జిందగీ, ఆజాదీ" అని చదివి వినిపించింది.

జిందగీ, ఆజాదీ నాకెవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. జన్ అంటే స్త్రీ అంది ఆమె. జనానాలోని జన్ అన్నమాట! ఎక్కడో వార్తల్లో చదివిన పరాయి నినాదం ఒక్కసారిగా మా వీధిలో వినబడ్డట్టయింది. ఆ ఏడాది సెప్టెంబరు 16న, హిజాబ్ సరిగా లేదని పోలీసులు పట్టుకెళ్లిన మహ్సా అమీనీ అనే యువతి నిర్బంధంలో చనిపోయిన దగ్గర్నుంచి ఇరాన్ వీధుల్లో మారుమోగుతున్నవి ఆ మూడు మాటలే. ఇంగ్లండ్‌తో మొదటి మ్యాచ్‌లో ఇరాన్ ఆటగాళ్లు జాతీయ గీతానికి పెదవి కదపలేదు. వేల్స్‌తో రెండో మ్యాచ్‌కు వచ్చేసరికి కదిపారు. ఆ నాలుగు రోజుల్లో వాళ్లకు ఎవరు ఏం చెప్పారన్నదాని మీదే ఆ దంపతులకు తగాదా.

ఆయనకు ఇరాన్ గెలవాలి. డ్రా చేసుకున్నా నాకౌట్‌కు వెళ్లే అవకాశం ఉంది. అప్పటిదాకా అంత దూరం ఇరాన్ ఎప్పుడూ పోలేదు. ఆమెకు మాత్రం ఓడిపోవాలి. "గెలిస్తే ఆ గెలుపును ప్రభుత్వం తన ఖాతాలో రాసుకుంటుంది" అంది. "ఆడేది పిల్లలు, ప్రభుత్వం కాదు" అన్నాడాయన. కాసేపు పారసీలో గట్టిగా అరుచుకున్నారు. చివరికి ఇద్దరూ వెనక్కి తిరిగి, నన్ను తీర్పు చెప్పమన్నారు. మొగుడూ పెళ్లాల మధ్య తలదూర్చేంత తెలివితక్కువవాణ్ణి కాదు. అందుకని 1962 జకార్తా కథ ఎత్తుకున్నాను.

ఆ ఏడాది ఆసియా క్రీడలకు ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను ఇండోనేషియా రానివ్వలేదు. అది కుదరదని మన ప్రతినిధి జి.డి. సోంధీ అడ్డుపడ్డారు. దాంతో జకార్తాలో జనం మన మీద మండిపడి, భారత రాయబార కార్యాలయం మీదికి వెళ్లారు. ఫుట్‌బాల్ ఫైనల్ ఆ వేడి చల్లారకముందే జరిగింది. ఎదుట దక్షిణ కొరియా. చుట్టూ మనవాళ్ల కాలికి బంతి తగిలితే చాలు గేలిచేసే స్టేడియం. అయినా పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ చెరో గోల్ కొట్టి 2-1తో స్వర్ణం తెచ్చారు. కోచ్ హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. అప్పటికే క్యాన్సర్‌తో ఉన్న ఆ మనిషి మరుసటి ఏడాదే కన్నుమూశాడు.

"చూశావా, అయినా గెలిచారు!" అని ఆయన భార్య మోచేతిని తట్టాడు.

"అప్పుడు గేలిచేసింది పరాయివాళ్లు. ఇక్కడ చేయాల్సింది మేము" అంది ఆమె, నా వైపు చూస్తూ. నా దగ్గరున్న ఒక్కగానొక్క కథ అలా చెల్లకుండా పోయింది.

తనిఖీ ద్వారం దగ్గర ఆడవాళ్ల వరుస వేరు, మా వరుస వేరు. మధ్యలో నడుమెత్తు కంచె మాత్రమే కాబట్టి అంతా కనబడుతూనే ఉంది. జాకెట్టు తీయమన్నారు. తీసింది. కాపలా అమ్మాయి టీ షర్టు చూసి ఇంకొకరిని పిలిచింది, ఆమె మరొకరిని. ఎవరూ గొంతు పెంచలేదు. ఇలా అయితే లోపలికి కుదరదు, తిరగేసి వేసుకుంటే వెళ్లవచ్చు అన్నారు. పక్కనే బల్ల మీద సింహం, సూర్యుడు ఉన్న, 1979 విప్లవానికి ముందటి పాత ఇరాన్ జెండాలు మడతపెట్టి ఉన్నాయి. పది నిమిషాల తర్వాత ఆమె టీ షర్టు తిరగేసుకుని వచ్చింది. పలచని తెల్లబట్ట కదా, అక్షరాలు లోపలి నుంచి ఎదురుతిరిగి కనబడుతూనే ఉన్నాయి. మెడ వెనక సైజు చీటీ బయటికి వేలాడుతోంది.

నాకు ఒళ్లు మండింది. కాపలా పిల్లల మీద కాదు, వాళ్లు చెప్పిన పని చేస్తున్నారు. ఫుట్‌బాల్ మీదే దృష్టి పెట్టండని ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా ఆ నెల మొదట్లో 32 జట్లకూ ఉత్తరం రాసింది. బాగానే ఉంది. మరి అదే ఏడాది ఫిబ్రవరిలో, ఉక్రెయిన్ మీద దాడి మొదలైన నాలుగు రోజులకే రష్యాను పక్కన పెట్టింది ఎవరు? అది సరైన పనే అని ఇప్పటికీ అంటాను. కానీ అది రాజకీయం కాదని మాత్రం నాకు చెప్పవద్దు. ఇదే ఫిఫా 1973లో, సైనిక తిరుగుబాటు తర్వాత ఖైదీలను కుక్కిన చిలీ రాజధాని శాంటియాగో స్టేడియాన్ని తనిఖీ చేసి ఆటకు పనికొస్తుందంది. అక్కడ ప్రపంచకప్ అర్హత మ్యాచ్ ఆడటానికి సోవియట్ జట్టు రానంటే, చిలీ వాళ్లు ఎదురెవరూ లేని మైదానంలో బంతిని నడిపించుకుంటూ వెళ్లి ఖాళీ గోల్‌లో వేశారు. రాజకీయం వద్దన్నప్పుడల్లా ఎవరి రాజకీయం వద్దంటున్నారో చూసుకోవాలి.

ఖతార్ ఇబ్బందీ లేకపోలేదు. దోహాకు నైరుతిలో అల్ ఉదైద్ అమెరికా వైమానిక స్థావరం. సముద్రం కింద ఇరాన్‌తో పంచుకుంటున్న గ్యాస్ నిక్షేపం. 2017లో పొరుగువాళ్లు దిగ్బంధం చేసినప్పుడు ఖతార్ విమానాలకు దారిచ్చింది ఇరాన్ ఆకాశమే. అటు చుట్టం, ఇటు కాపలాదారు, ఇద్దరూ ఒకే రాత్రి భోజనానికి వస్తే ఇంటి యజమాని ముందుగా నోరు మూయించేది ఎవరిని? పిలవకుండా వచ్చిన టీ షర్టును.

ఆట సంగతి క్లుప్తంగా చెబుతాను. 42 వేల మంది. ఇరాన్ గీతం మొదలవగానే నిరసనగా ఈలలు. ఇరాన్ ఆటగాళ్లు పెదవులు కదిపారు. ముందురోజు విలేకరుల సమావేశంలో అమెరికా కోచ్‌ను, మీ నౌకాదళాన్ని గల్ఫ్ నుంచి తీసేయమని మీ ప్రభుత్వాన్ని అడగరా అని ప్రశ్నించారు. మిడ్‌ఫీల్డ్ గురించి ఎవరైనా అడిగారో లేదో! 38వ నిమిషంలో అమెరికా ఆటగాడు పులిసిచ్ గోల్ కొట్టి, ఆ ఊపులో ఇరాన్ గోల్‌కీపర్ బెయిరాన్‌వాండ్‌ను ఢీకొని పడిపోయాడు. ఆఖరి క్షణాల్లో ఇరాన్ ఆటగాడు తారెమి పెనాల్టీ బాక్సులో పడి రెఫరీ వైపు చేతులు చాచాడు. రెఫరీ ఒప్పుకోలేదు. 1-0. ఏడుస్తున్న రెజాయియాన్‌ను అమెరికా డిఫెండర్ ఆంటొనీ రాబిన్సన్ గుండెకు హత్తుకుని చాలాసేపు వదల్లేదు. గులాబీలు లేవు. నేను 250 రియాళ్లు పోసింది దానికోసమే అనిపించింది.

తిరుగు బస్సు వరుస పాములా మెలికలు తిరిగి ఉంది. అర్ధరాత్రి దాటింది. వాళ్లిద్దరూ నాకన్నా నలుగురి ముందు కనబడ్డారు. ఆయన కళ్లు వాచిపోయి ఉన్నాయి. ఆమె కోరుకున్నట్టే ఓడిపోయారు కదా, ముఖంలో వెలుగు ఉంటుందనుకున్నాను. లేదు. ఫోనులో ఎవరో పంపిన వీడియో ఆయనకు చూపిస్తోంది. ఇరాన్‌లో ఏదో ఊరి వీధి, చీకట్లో కార్ల హారన్లు. తమ జట్టు ఓడినందుకు సంబరం చేసుకుంటున్నారు. ఆయన చివరిదాకా చూశాడు. ఏమీ అనకుండా ఫోను తిరిగిచ్చాడు.

బస్సులో మళ్లీ అదే చలి. ఆమె తన జాకెట్టు తీసి ఆయన భుజాల మీద కప్పింది. లైట్ల వెలుగులో తిరగేసిన అక్షరాలు ఇప్పుడు ఇంకా స్పష్టంగా కనబడుతున్నాయి. ఫ్రీ జోన్ దగ్గర దిగబోతూ ఆయన చేయి చాచి, ఆమె మెడ వెనక వేలాడుతున్న సైజు చీటీని వేలితో లోపలికి దోపాడు. మెట్లు దిగేలోపే అది మళ్లీ బయటికి వచ్చింది.