మూడో ప్రయత్నానికి ఆగిన ఆయిల్ చుక్క

నా కారు టాపెట్ కవర్ (ఇంజిన్ పైమూత) కింద ఉండే రబ్బరు ప్యాకింగ్ నేనే మార్చుకున్నానన్న సంబరం రెండు రోజులే నిలిచింది. మూడో రోజు పొద్దున చూస్తే కారు కింద అరచేయంత మరక. పాత ప్యాకింగ్ ఉన్నప్పుడే ఇంతకంటే తక్కువ కారేది.

ప్యాకింగ్‌తో పాటే ఇంజిన్ ఆయిల్ కూడా మార్చాను. చుక్క వేలాడుతున్నది సరిగ్గా ఇంజిన్ అడుగున ఆయిల్ వదిలే డ్రెయిన్ బోల్ట్‌కే. ఇంకేముంది, దొంగ దొరికాడనుకుని కొత్త వాషర్ వేసి బిగించాను. మర్నాడు మళ్లీ మరక. తర్వాత ఫిల్టర్ విప్పాను. పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఇంజిన్‌కే అతుక్కుపోతే, అది చూడకుండా కొత్త ఫిల్టర్ ఎక్కించేసి ఆయిలంతా పోగొట్టుకునేవాళ్లుంటారు. నాకు ఆ తంటా రాలేదు. అంటే ఇక గేర్‌బాక్స్ వైపు క్రాంక్ సీలే (ఇంజిన్ ప్రధాన ఇరుసు చుట్టూ ఆయిల్‌ని ఆపే రింగు) అయ్యుండాలి. అది మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి, ఇంట్లో అయ్యే పని కాదు. ఆ రాత్రి నిజంగానే టెన్షన్ పడ్డాను.

అసలు చిక్కేమిటంటే, ఇంజిన్ ఆ పక్కంతా జిడ్డుగా ఉంటే ఏది కొత్త తడో ఏది పాతదో తెలియదు. పైగా ఆయిల్ కారిన చోటే పడదు. కిందికి జారుతుంది, బండి పోతుంటే గాలికి వెనక్కి పాకుతుంది. అందుకని ఇంజిన్ చల్లారాక కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్‌కి తడి తగలకుండా పాలిథీన్ కవర్ చుట్టి, జిడ్డు వదిలించే డీగ్రీజర్ కొట్టి, బ్రష్‌తో రుద్ది, పొడిగుడ్డతో తుడిచాను. బాగా ఆరాక ముఖానికి రాసుకునే పౌడర్ చల్లాను. ఇంట్లోవాళ్లు చూసి ఇంజిన్‌కి పెళ్లా అన్నారు.

పావుగంట ఇంజిన్ ఆన్‌లో ఉంచి ఆపేశాను. వెనకవైపు సందులో తల పట్టదు, ఫోన్ పట్టింది. లైటు వేసి వీడియో తీశాను. తెల్లటి పౌడర్ మీద అగ్గిపుల్లంత మందాన తేనెరంగు గీత. టాపెట్ కవర్ వెనక మూల దగ్గర మొదలై, దాని కిందున్న ఇంజిన్ హెడ్ మీదుగా జారి, గేర్‌బాక్స్ అతుకు పట్టుకుని సంప్ (అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) అంచుకి చేరి, అక్కడి నుంచి డ్రెయిన్ బోల్ట్ దాకా వచ్చింది. పాపం క్రాంక్ సీల్‌ని అనవసరంగా అనుమానించాను.

ఇక్కడ చేసిన తెలివితక్కువ పని కూడా చెప్పాలి. ఆ మూల బోల్ట్‌ని ఇంకో అరచుట్టు బిగించాను. కారడం ఇంకా పెరిగింది! నా బండి మాన్యువల్‌లో వీటికి 10 న్యూటన్ మీటర్లే రాసుంది. అంటే మణికట్టు బలం చాలు, నేను భుజం బలం వాడాను. అతిగా బిగిస్తే రబ్బరు నలిగి పక్కకి జరుగుతుంది.

కవర్ మళ్లీ విప్పితే అంతా బయటపడింది. వాల్వులు తెరిచే క్యామ్‌షాఫ్ట్ అనే ఇరుసు చివర అర్ధచంద్రాకారంలో ఉండే వంపు దగ్గర ప్యాకింగ్ గాడిలోంచి జారి నొక్కుకుపోయింది, పంటిగాటు పడ్డట్టు. దాని కింద నేను గీకకుండా వదిలేసిన పాత సిలికాన్ (సందులు మూసే జిగురు) పెచ్చులు. మొదటిసారి అక్కడికి చెయ్యి సరిగా పోలేదని పైపైన తుడిచేశాను.

చేయి పడింది కదా అని ఇంజిన్ లోపలి వాయువులు బయటికి పోయే దారిలో ఉండే పీసీవీ వాల్వ్ కూడా తీసి చెవి దగ్గర ఊపాను. గలగలమనాలి, ఉలుకూ పలుకూ లేదు. అది పూడుకుపోతే ఇంజిన్‌లో గాలి ఒత్తిడి పెరిగి ఆయిల్‌ని సీళ్లలోంచి బయటికి నెడుతుంది. బహుశా మొదట ఉన్న పాత ప్యాకింగ్‌ని కారేట్టు చేసిందీ అదే. అదీ మార్చాను.

ఈసారి ప్లాస్టిక్ ముక్కతో శుభ్రంగా గీకి, కొత్త ప్యాకింగ్‌ని గాడిలో కూర్చోబెట్టి, వంపు మూలల్లో మాత్రం పెసరగింజంత సిలికాన్ పెట్టాను. బోల్ట్‌లు మధ్య నుంచి చివరలకి, రెండు విడతల్లో, ఎంత బలంతో బిగిస్తున్నామో తెలిపే టార్క్ రెంచ్‌తో బిగించాను. సిలికాన్ ఆరడానికి 24 గంటలు బండి ముట్టుకోలేదు.

నెల దాటింది. కారు కింద పరిచిన అట్టముక్క తియ్యబుద్ధి కావడంలేదు. మొన్న దాని మీద ఒక తడి మచ్చ కనబడి గుండె గుభేలుమంది. వేలితో తడిమి చూశాను, ఏసీ నీళ్లు.