అప్పన్న నిజరూపం చూడలేకపోయామని బాధపడేవాళ్లకు

ఈ మాటలు 2020 కరోనా లాక్‌డౌన్ రోజుల్లో రాసినవి. ఆ ఏడాది ఏప్రిల్ 26న, అక్షయ తృతీయనాడు, సింహాద్రి అప్పన్న, అంటే సింహాచలం వరాహ లక్ష్మీనరసింహస్వామి, చందనోత్సవం భక్తులు లేకుండా ఏకాంతంగా జరిగిపోయింది. ముందు రోజు నుంచీ నా ఫోన్ మోగుతూనే ఉంది. "మాస్టారూ, మీ శిష్యులెవరైనా కొండమీద ఉన్నారా? ఒక్క పాస్ చూడండి" అని తెలిసినాయన ఒకరు. లాక్‌డౌన్‌లో పాసేమిటండీ! మామూలు రోజుల్లోనే ఈ పాసుల పిచ్చి చూస్తే ఒళ్లు మండుతుంది. చంటిపిల్లల్ని ఎత్తుకుని జనం ఎండలో గంటలకొద్దీ నిలబడితే, సిఫార్సు ఉన్నవాడు పక్కదారిన వెళ్లొచ్చి స్వామి తనను పిలిపించుకున్నాడని చెప్పుకుంటాడు.

స్థలపురాణం మీకు తెలిసిందే. పురూరవ చక్రవర్తికి పుట్టలో దొరికిన స్వామి, తీసేసిన పుట్టమన్ను ఎంతో అంత చందనం పూయమన్నాడు. ఏడాదిలో చందనోత్సవం ఒక్కరోజే పూత తీసి నిజరూపం చూపిస్తాడు, మిగతా రోజులన్నీ ఆ పూతలోనే ఉంటాడు. ఉగ్రం చల్లారడానికే అంటారు పెద్దలు. నా మనసు ఎప్పుడూ ఇక్కడే ఆగిపోతుంది. ఆ వేడితో ఎవరికి కష్టం? స్తంభం చీల్చుకుని వచ్చినవాడికి తన వేడి తనకొక లెక్కా? తట్టుకోలేనిది మనమే. బిడ్డలు కందిపోతారని తండ్రి తానే కప్పుకుని కూర్చున్నాడు. విడతకు మూడు మణుగుల గంధం, ఏడాదికి నాలుగు విడతలు. అదంతా మనమీద దయే అనిపిస్తుంది నాకు.

పాత పంచె చింపి మా ఆవిడ కుట్టిన మాస్కుతో పాలకు వెళ్తున్నాను. నాడాలు చెవుల వెనక ఒరుసుకుంటాయి, కళ్లద్దాలకు ఆవిరి పట్టి చిల్లర కనపడదు. విసుగొచ్చి లాగేయబోతే అప్పన్న గుర్తొస్తాడు. నా ఊపిరి ఆ పాలబ్బాయికి తగలకూడదనే కదా ఈ గుడ్డ! యుగాలుగా ఆయన ఓర్చుకున్నది నేను పావుగంట ఓర్చుకోలేనా?

మా బడి హాజరుపట్టీ తెరిస్తే అప్పలరాజు, అప్పలనాయుడు, సింహాచలం, అప్పలనరసమ్మ... సగం పేజీ ఆయన పేరే. మార్చి 19 నుంచి బళ్లు మూత. పిల్లలకు ఫోన్ చేసి పద్యాలు అప్పజెప్పించుకుంటున్నాను. చందనోత్సవం రోజు ఆరో తరగతి పిల్ల పద్యం మధ్యలో ఆపి, "గుడి మూసేస్తే అప్పన్నకి అన్నం ఎవులు పెడతారు మాస్టారూ?" అంది. అర్చకులు వేళకు నైవేద్యం పెడతారమ్మా అన్నాను. "అయితే పర్లేదు" అని మళ్లీ పద్యం అందుకుంది. వాళ్ల నాన్న ఆటో తోలుతాడు. ఆటో కదిలి నెల దాటింది. మీరు తిన్నారా అని అడగడానికి నాకు కాసేపు గొంతు పెగల్లేదు.

పాస్ అడిగినాయనకు ఆ పిల్ల మాట చెప్పాను. మీకూ చెబుతున్నాను. రెండో విడత చందన సమర్పణ మే 7న, వైశాఖ పౌర్ణమికి. అప్పటికి కొండ ఎక్కనిస్తారా లేదా అన్న టెన్షన్ వదిలేయండి. మీ వీధిలో పని ఆగిపోయిన ఇల్లేదో మీకు తెలుసు. బియ్యం, పప్పు, నూనె ఆ గడపలో పెట్టి రండి. ఫొటోలు తీయకండి. మాస్కు కట్టుకుని వెళ్లండి, ముక్కు కిందికి జార్చకండి.